నొప్పికి నొప్పి మందు కాదు

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో రెండింటిని ప్రక్క ప్రక్కన పెట్టి చదివాను. ఒకటి ఒక తల్లి వ్రాసినది. రెండవది ఇరవై ఏళ్ళ కుర్రవాడు వ్రాసినది. వారిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు. ఊళ్ళు కూడా వేరు. కాని ఇద్దరి బాధా ఒక్కటే. పేరూ ఊరూ వేయవద్దని ఇద్దరూ కోరారు గనుక వేయడం లేదు. మామూలుగా ఈ శీర్షికలో నాలుగైదు ఉత్తరాలకు జవాబులిస్తూ ఉంటాను. ఈ వారం స్థలమంతా ఈ రెండింటికే కేటాయిస్తున్నాను. అత్తాకోడళ్ళ తగవుల గురించీ, ఆవకాయ బూజు పట్టడం గురించీ అడిగిన సోదరీమణులు ఒక్క వారం ఓపిక పట్టాలి.

తల్లి ఉత్తరం

"సోదరీ! మా అమ్మాయి ఇంటర్ రెండవ సంవత్సరం. హాస్టలులో ఉండి చదువుకుంటున్నది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చింది. భోగినాడు తలంటి పోస్తానంటే వద్దని ఒకటే పెనుగులాట. చివరికి బలవంతాన చొక్కా చెయ్యి పైకి తీసి చూశాను. చేతి మీద పాత గాయాల మచ్చలు, వాటి మధ్య రెండు క్రొత్తవి. ఎవరు చేశారే అంటే, ఎవరూ కాదు, నాకు నేనే చేసుకున్నానన్నది. చచ్చిపోవాలని కాదమ్మా, అలా చేసుకుంటే కాసేపు మనసు తేలికపడుతుంది అన్నది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వాళ్ళ నాన్నగారు 'నీకేం తక్కువ చేశామే' అని కేకలు వేశారు. మా అత్తగారు దిష్టి తీసింది. మా ఆడపడుచు 'ఇదంతా నటన వదినా, అందరూ తన చుట్టూ తిరగాలని' అన్నది. ఇక ఎన్నడూ చేయనని నా మీద ఒట్టు వేయించుకుని హాస్టలుకు పంపాను. అప్పటినుంచి నాకు కంటి మీద కునుకు లేదు. దీనికి పిచ్చి పట్టిందా? డాక్టరు దగ్గరికి తీసుకువెడితే పోలీసు కేసు అవుతుందా? చదువు మానిపించనా? రేపు ఈ సంగతి బయటపడితే దీన్ని ఎవరు చేసుకుంటారు?"

అమ్మా! ముందుగా మీరు గమనించవలసిన విషయం ఒకటున్నది. పిల్లి గీరిందనో, తలుపు నొక్కుకున్నదనో మీ అమ్మాయి చెప్పి ఉండవచ్చు. చాలామంది పిల్లలు అలాగే తప్పించుకుంటారు. మీ అమ్మాయి ఉన్నది ఉన్నట్లు చెప్పింది. ఇన్ని కేకల మధ్య కూడా అమ్మతో నిజం చెప్పవచ్చునన్న నమ్మకం దానికి మిగిలి ఉన్నది. దీని తరువాత మీరు ఏం చేసినా ఆ నమ్మకాన్ని పోగొట్టుకోకుండా చేయండి.

ఇది పిచ్చి కాదు. జ్వరం ఎలాగైతే లోపల ఎక్కడో ఏదో జరుగుతున్నదని చెప్పే గుర్తో, ఇదీ అలాంటి గుర్తే. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం వెలువరించిన జబ్బుల గ్రంథంలో, చావాలన్న కోరిక లేకుండా తనను తాను గాయపరచుకోవడాన్ని ఆత్మహత్యాయత్నం నుంచి విడదీసి, ఇంకా పరిశోధించవలసిన విషయాలలో చేర్చారు. తరచుగా ఇది పన్నెండు, పధ్నాలుగేళ్ళ ప్రాయంలో మొదలవుతుంది. ఆడపిల్లలలోనే కాదు, మగపిల్లలలోనూ ఉన్నది. ఉన్నవాళ్ళ ఇళ్ళలోనూ, లేనివాళ్ళ ఇళ్ళలోనూ ఉన్నది. కొందరిలో దీని వెనుక వైద్యం కావలసిన దిగులు జబ్బు ఉంటుంది. కొందరిని తోటివారు ఏడిపిస్తూ ఉంటారు. కొందరికి ఎప్పుడో ఎవరో చేసిన, నోరు విప్పి చెప్పుకోలేని అన్యాయం ఉంటుంది. కొందరిలో వీటిలో ఏదీ ఉండదు. వయసుకు మించిన బరువు మాత్రం ఉంటుంది.

అలా చేసుకుంటే మనసు తేలికపడడం ఏమిటని మీరు ఆశ్చర్యపోయి ఉంటారు. ఆ అమ్మాయి అబద్ధమాడలేదు. లోపలి ఆరాటం పట్టలేనంత పెరిగినప్పుడు ఒంటి నొప్పి దృష్టిని దాని మీదినుంచి లాగివేస్తుంది. కాసేపు ఊరట వస్తుంది. చిక్కల్లా అక్కడే ఉన్నది. బెజవాడ వైపు వారికి కాల్‌మనీ అప్పు సంగతి తెలుసు. సాయంత్రం గండం గడుస్తుంది, మర్నాటినుంచి వడ్డీ మొదలవుతుంది. ఈ ఊరట కూడా అలాంటి అప్పే. కాసేపటికి సిగ్గు వస్తుంది, దాచుకోవాలన్న భయం వస్తుంది, "నేను మంచిదాన్ని కాను" అన్న రోత వస్తుంది. అవన్నీ కలిసి మళ్ళీ ఆరాటాన్ని పెంచుతాయి. మళ్ళీ అదే దారి. ఈ చక్రాన్ని కేకలు ఆపలేవు. కేకలు కూడా వడ్డీలోనే జమ అవుతాయి.

మీ ఆడపడుచుగారు నటన అన్నారు. తెర దించుకుని నాటకమాడేవారు ఎక్కడైనా ఉంటారా? నలుగురూ చూడాలనుకున్న పిల్ల పండుగపూట పొడుగు చేతుల చొక్కా వేసుకుని దాచుకోదు. పోనీ, ఎవరైనా చూస్తే బాగుండునని మనసులో ఒక మూల ఉన్నదే అనుకుందాం. ఆకలి వేసిన పిల్ల అన్నం అడిగితే నటన అంటామా?

ఇక ఒట్టు సంగతి. మన ఇళ్ళలో ఒట్టుకు చాలా విలువ ఉన్నది. అందుకే అది ఇక్కడ పనికిరాదు. ఈ అలవాటు ఒక్క రోజులో పోయేది కాదు. మళ్ళీ ఒకసారి చెయ్యి జారితే, బాధకు తోడు అమ్మ మీద ఒట్టు తప్పానన్న పాపభీతి కూడా దాని నెత్తిన పడుతుంది. అప్పుడు మీకు చెప్పనే చెప్పదు. కాబట్టి ఆ ఒట్టు మీరే తీసి గట్టున పెట్టండి. "ఒట్టు సంగతి మరచిపో. మళ్ళీ అలా అనిపిస్తే నాకు చెప్పు. అర్ధరాత్రి ఐనా సరే, నేను కోప్పడను" అనండి. అన్న తరువాత నిజంగానే కోప్పడకండి.

మన పూర్వులకు ఒక తెలివి ఉండేది. రామాయణంలో కైకకు కోపగృహం ఉన్నది. పారిజాతాపహరణంలో సత్యభామ కూడా కోపగృహంలోనే చేరింది. కోపం రావడం, దుఃఖం రావడం మనుషులకు సహజమనీ, దానికి ఇంటిలో ఒక చోటు ఉండాలనీ వారు ఒప్పుకున్నారు. నంది తిమ్మనగారి శ్రీకృష్ణుడు తన్ను తిని కూడా, నీ కాలికి నొప్పి కలిగిందేమో అనే అడిగాడు గాని నాకేం తక్కువ చేశావని సత్యను నిలదీయలేదు. మూడు గదుల అపార్టుమెంటులో కోపగృహం కట్టించమని నేను చెప్పను. పిల్ల ఏడిస్తే ఏడవనివ్వడానికీ, ఎందుకేడుస్తున్నావో వెంటనే లెక్క అప్పజెప్పమనకుండా ప్రక్కన కూర్చోవడానికీ గది అక్కరలేదు, ఒక చాప చాలు.

మాట్లాడేటప్పుడు ఒక ప్రశ్న మాత్రం తప్పక అడగాలి. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తున్నదా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని మనవాళ్ళకు భయం. అలా జరగదని వైద్యులు పదే పదే చెప్తున్నారు. అడిగినవారి ఎదుట పిల్లలు గుండె బరువు దింపుకుంటారు. చావాలని కాదని మీ అమ్మాయి చెప్పిన మాట నమ్మదగినదే. ఐనా తమను తాము గాయపరచుకునేవారిలో ముందు ముందు ఆ ఆలోచన వచ్చే ప్రమాదం ఇతరులకంటె ఎక్కువ. అందుచేత హడలిపోకూడదు, తేలికగానూ తీసివేయకూడదు. అవునని జవాబు వస్తే ఆ రాత్రి పిల్లను ఒంటరిగా వదలవద్దు. తెల్లవారగానే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పరిస్థితి చేయి దాటేటట్లుంటే తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. 108కి ఫోను చేయాలి, లేదా దగ్గరలోని పెద్ద ఆస్పత్రికి అప్పుడే తీసుకువెళ్ళాలి.

ఇంటిలో ప్రమాదకరమైన వస్తువులను హడావుడి చేయకుండా, పిల్లను దొంగలా చూడకుండా, చేతికి అందని చోట ఉంచండి. పెద్దవాళ్ళు వాడే మందులు బీరువాలో పెట్టి తాళం వేయండి. వ్యవసాయం ఉన్న ఇళ్ళలో పురుగుమందులు ఇంటిలోనే ఉంచకూడదు. గాయం క్రొత్తదైతే ముందు గాయానికి మందు వేయించండి. డాక్టరు ఎదుట పిల్లను తిట్టకండి. రోజూ చేతులు చాపమని తనిఖీ చేయకండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళడం విషయంలో మీ భయాలు రెండు. మొదటిది పోలీసు కేసు. తనను తాను గాయపరచుకున్నందుకు పిల్లను చికిత్సకు తీసుకువెళ్ళడం నేరం కాదు. ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత 309వ సెక్షను కూడా, 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి రావడంతో పోయింది. ప్రభుత్వోద్యోగిని బెదిరించి విధులకు అడ్డుపడేటందుకు అలా చేస్తే మాత్రమే క్రొత్త చట్టంలో శిక్ష ఉన్నది. అంతకు ముందే, 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య రక్షణ చట్టం, ఆత్మహత్యకు పూనుకున్నవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలనీ, వారికి వైద్యమూ ఆదరణా కల్పించడం ప్రభుత్వ బాధ్యత అనీ చెప్పింది. రోగి సంగతులను గోప్యంగా ఉంచడం కూడా ఆ చట్టం ఇచ్చిన హక్కే.

రెండవ భయం నలుగురి నోరు. మన భాషలో "ఎర్రగడ్డ" అన్నా, "చినవాల్తేరు" అన్నా ఊరి పేర్లుగా కాక తిట్లుగా వాడుకునే చెడ్డ అలవాటు పడిపోయింది. ఆ రెండు చోట్లా ఉన్నవి ప్రభుత్వ మానసిక వైద్యశాలలు. లెక్కలేనంతమంది అక్కడ వైద్యం చేయించుకుని ఇళ్ళకు వెళ్ళి ఉద్యోగాలూ సంసారాలూ చేసుకుంటున్నారు. కంటికి శస్త్రచికిత్స చేయించుకున్న ఆస్పత్రి పేరు తిట్టు కాలేదు, మనసుకు వైద్యం చేసే ఆస్పత్రి పేరు తిట్టయింది. పైగా మీరు అంత దూరం పోనక్కరలేదు. వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న పెద్దాస్పత్రులలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. గడప దాటడానికే జంకుతున్నారా? 14416కు ఫోను చేయండి. దాని పేరు టెలి మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. డబ్బు అక్కరలేదు. రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్ల గురించి తల్లి కూడా మాట్లాడవచ్చు.

చదువు మానిపించే సంగతి మీరూ మీవారూ తేల్చి పిల్లకు తీర్పు వినిపించేది కాదు. తెల్లవారకముందే లేపి, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టి, వారం వారం పరీక్షలు పెట్టి, మార్కులనుబట్టి సెక్షన్లు మార్చే కాలేజీలు మనకు తెలియనివి కావు. ఎంసెట్ పేరు మారి ఈఏపీసెట్ అయింది. పేరు మారినంత సులువుగా పిల్లల గుండెదడ మారలేదు. బాధ హాస్టలులో ఉన్నదా, చదువులో ఉన్నదా, స్నేహితులలో ఉన్నదా, ఇంటిలోనే ఉన్నదా అన్నది ముందు తెలుసుకోవాలి. ఇంటి నుంచి వెళ్ళి వచ్చే కాలేజీకి మార్చడమో, కొన్నాళ్ళు సెలవు పెట్టించడమో, కోరుకోని కోర్సును వదలివేయడమో పిల్లతో కలిసి ఆలోచించండి. ఒక ఏడాది వెనుకబడితే కొంప మునగదు. కాలేజీ వారిని కూడా అడగండి. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలన్నీ అర్హత గల కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో ఏర్పాటు చేయాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పుకు మూలం విశాఖపట్నంలో పరీక్షకు సిద్ధమవుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసే. కాబట్టి మీ కౌన్సెలరు ఎవరండీ అని అడగడం మీ హక్కు.

ఇక పెళ్ళి. పదిహేడేళ్ళ పిల్ల చేతి మీది మచ్చ చూసి మీకు పెళ్ళి గుర్తుకు వచ్చిందంటే తప్పుపట్టను. ఆడపిల్ల తల్లుల చెవిలో ఆ మాట పుట్టినప్పటినుంచీ మ్రోగుతూనే ఉంటుంది. కాని ఆ మాట పొరపాటున కూడా పిల్ల ఎదుట అనవద్దు. తన బాధకంటె తన మచ్చే అమ్మకు ఎక్కువైందని అనుకుంటుంది. ఈ అలవాటున్న పిల్లలు చాలామంది పెద్దవుతున్నకొద్దీ, సాయం అందినకొద్దీ, దానినుంచి బయటపడతారు. పెళ్ళి సంగతి అప్పుడు చూడవచ్చు.

కుర్రవాడి ఉత్తరం

"అక్కయ్యగారికి నమస్కారాలు. మా అమ్మ ఈ పత్రిక కొంటుంది. సీరియల్ కోసం ఆమె, మీ శీర్షిక కోసం నేను చదువుతాము. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్నాను. నాలుగు సబ్జెక్టులు మిగిలిపోయాయి. నాన్న కౌలుకు పొలం చేసి డబ్బు పంపుతున్నాడు. ఈ మాట ఆయనకు చెప్పలేదు. ఏడాదిగా రాత్రిళ్ళు నన్ను నేను గాయపరచుకోవాలన్న కోరిక వస్తున్నది. కొన్నిసార్లు చేసుకున్నాను. ఒక స్నేహితుడికి చెప్తే 'మగాడివి, ఏంట్రా ఇది' అన్నాడు. అది మంచిది కాదని నాకు తెలుసు. మీరు కూడా అదే చెప్పవద్దు. ఆ కోరిక వచ్చిన క్షణంలో ఏం చేయాలో చెప్పండి."

నాయనా! అడగవలసిన ప్రశ్నే అడిగావు. నీతులు చెప్పను.

ఆ కోరిక ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండదు. సముద్రపు అల వంటిది. లేస్తుంది, విరుగుతుంది, వెనక్కి పోతుంది. లేస్తున్నప్పుడు ఇక తగ్గదనే అనిపిస్తుంది. కాని తగ్గుతుంది. కాబట్టి జీవితాంతం మానేస్తానని ఆ క్షణంలో ప్రతిజ్ఞ చేయనక్కరలేదు. "పదిహేను నిమిషాలు ఆగుతాను" అనుకో, చాలు. గడియారం చూసుకో. ఆ పదిహేను నిమిషాలు తీరిన తరువాత ఇంకా ఉంటే మరో పదిహేను.

ఊరకే కూర్చుంటే ఆ పావుగంట గడవదు. ఒంటికి పని చెప్పాలి. మొదట ఆ గదిలోనుంచి లేచి, మనుషులు ఉన్న చోటికి రా. కారిడారులో ఐనా సరే, ప్రక్క గది వాడి మంచం మీద ఐనా సరే. చల్లని నీళ్ళు ముఖాన బాగా కొట్టుకో, లేదా తడి తువ్వాలు కళ్ళ మీద, బుగ్గల మీద కాసేపు పెట్టుకుని ఊపిరి బిగపట్టు. ముఖానికి చల్లదనం తగిలినప్పుడు గుండె వేగం తగ్గడం మన శరీరంలో పుట్టుకతో ఉన్న ఏర్పాటు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా ఇది చేయకూడదు. తరువాత ఊపిరి. నాలుగు లెక్కపెట్టేటంతసేపు పీల్చి, ఆరో ఏడో లెక్కపెట్టేటంతసేపు నెమ్మదిగా వదులు. పీల్చడం కంటె వదలడం పొడుగ్గా ఉండాలి. లేదా ఒళ్ళు అలిసేటట్లు ఏదైనా చెయ్యి. బస్కీలు తియ్యి, తాడు దూకు, బకెట్టు నిండా బట్టలు నానబెట్టి ఉతుకు. మన అమ్మమ్మలు కోపం వచ్చిన రోజున రోటిలో పచ్చడి ఎందుకంత మెత్తగా నూరేవారో అప్పుడు తెలుస్తుంది.

పెద్ద నొప్పికి బదులు చిన్న నొప్పి కలిగించుకోమని కొందరు కిటుకులు చెప్తూ ఉంటారు. వాటి జోలికి పోకు. నొప్పి పుడితేనే మనసు కుదుటపడుతుందన్న పాఠాన్ని ఒంటికి మళ్ళీ నేర్పడమే అవుతుంది. నీవు ఒంటికి క్రొత్త పాఠం నేర్పాలి. అలాగే మద్యం. తాగితే మరచిపోతానని అనిపిస్తుంది. నిజానికి మద్యం చేసే మొదటి పని, ఆగమని చెప్పే బుద్ధిని నిద్రపుచ్చడం.

నేను చెప్పిన ఈ ఉపాయాలలో చాలా భాగం మార్షా లైనహన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రూపొందించిన చికిత్సలో ఉన్నవి. ఆమె అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఈ బాధకు ఇంత పని చేసిన మనిషి, 2011లో ఒక సంగతి లోకానికి వెల్లడించారు. పదిహేడేళ్ళ వయసులో తానే ఆస్పత్రిలో ఉన్నాననీ, తనను తాను గాయపరచుకునేదాన్ననీ, ఆ నరకంనుంచి బయటపడితే మిగిలినవారిని బయటికి తెస్తానని మనసులో అనుకున్నాననీ చెప్పారు. అన్నట్లే చేశారు. ఈ సంగతి వ్రాసినది నీవు కూడా గొప్పవాడివి కావాలని కాదు. ఆ వయసులో ఆ స్థితిలో ఉన్న మనిషి కథ అక్కడితో ముగియలేదని నీకు తెలియాలని.

అల తగ్గిన తరువాత, మరునాడు, ఇంకొక పని ఉన్నది. ఇది నా తెలుగు పంతులు బుద్ధి అనుకున్నా సరే. ఇప్పటి పిల్లలు ఏ బాధ వచ్చినా "టెన్షన్" అంటారు, "స్ట్రెస్" అంటారు, మహా అంటే "డిప్రెషన్" అంటారు. మన భాషలో దిగులు వేరు, బెంగ వేరు. ఉక్రోషం వేరు, ఉడుకుమోతుతనం వేరు. విసుగు వేరు, రోత వేరు. నలుగురిలో చిన్నబోవడం ఒకటి, ఎవరూ లేక ఉసూరుమనడం ఒకటి. నాన్న పంపిన డబ్బు చూసినప్పుడు నీకు కలిగేది సిగ్గా, జాలా, భయమా? నాలుగు సబ్జెక్టులు తలచుకుంటే కలిగేది దిగులా, ఉక్రోషమా? ఆ పేరు పట్టుకో. అనుభవిస్తున్న భావానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు మెదడులో భయాన్ని, ఆందోళనను రేపే భాగం కొంత నెమ్మదిస్తుందని 2007లో లాస్ ఏంజెలిస్ పరిశోధకులు ప్రకటించారు. బాధకు మాట దొరకనప్పుడే అది చేతిలోకి దిగుతుంది.

వ్రాయడం కూడా మంచిదే. జేమ్స్ పెన్నెబేకర్ అనే ఆయన 1986లో ప్రకటించిన పరిశోధనలో, విద్యార్థులు నాలుగు రోజులపాటు రోజుకు పదిహేను నిమిషాలు తమ మనసులోని లోతైన బాధను కాగితం మీద పెట్టారు. వ్రాసేటప్పుడు బాధ పెరిగినట్లే ఉన్నా, తరువాతి నెలల్లో వారు వైద్యుని దగ్గరికి వెళ్ళవలసిన అవసరం తగ్గింది. ఐతే అల లేచి ఉన్నప్పుడు వ్రాయకు. అప్పుడు వ్రాత పుండును కెలకడమవుతుంది. పగటిపూట వ్రాయి. అక్షరదోషాలు ఎవరూ దిద్దరు. నచ్చకపోతే చింపివెయ్యి.

ఇవన్నీ గుర్తుండవు గనుక ఒక కాగితం తయారుచేసుకుని పర్సులో పెట్టుకో. కుదుటగా ఉన్న రోజున వ్రాయాలి సుమా. మొదటి వరుసలో, అల వస్తున్నదని నీకు తెలిపే గుర్తులు. రెండవ వరుసలో, ఒంటరిగా చేయగలిగిన పనులు. మూడవ వరుసలో, వెళ్ళి కూర్చోగలిగిన మనుషులు, చోట్లు. నాలుగవ వరుసలో, ఉన్నది ఉన్నట్లు చెప్పగలిగిన ఇద్దరి ఫోను నంబర్లు. "మగాడివి" అన్న స్నేహితుడిని ఇక్కడ వ్రాయకు, వేరొకరిని వెతుకు. ఐదవ వరుసలో 14416. చివరి వరుసలో, గది నుంచి ఏ వస్తువులను తీసివేయాలో వ్రాసి, ఆ రోజే తీసివెయ్యి. వైద్యులు తమ దగ్గరికి వచ్చినవారి చేత ఇలాంటి కాగితమే తయారుచేయిస్తారు.

నిద్ర సంగతి మరచిపోయేవాడిని కావద్దు. నీకు ఆ కోరిక రాత్రిళ్ళే వస్తున్నదన్నావు. నిద్ర చాలని మనసుకు అదుపు తక్కువ. రాత్రి రెండింటిదాకా ఫోను చూస్తూ పడుకుని, పొద్దున్న టిఫిను మానేసి, మధ్యాహ్నం టీతో సరిపెట్టుకుంటే ఏ ఉపాయమూ పనిచేయదు.

ఇంతా చేసి ఇవి గొడుగులు మాత్రమే, వాన ఆపేవి కావు. ఏడాదిగా సాగుతున్న బాధ ఇది. డాక్టరును చూడవలసిందే. మాటలతో చేసే చికిత్స ఉన్నది. దిగులు జబ్బు ఉన్నట్లు తేలితే మందులూ ఉన్నాయి. మందులు మొదలుపెట్టిన తరువాత మనసు బాగున్నదని నీకు నీవే ఆపివేయకూడదు. చావాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే కాగితం వరుసలన్నీ వదలి, వెంటనే మనిషి దగ్గరికి పోవాలి, ఫోను చేయాలి.

చివరగా మీ నాన్నగారు. నాలుగు సబ్జెక్టుల సంగతి ఆయనకు చెప్పు. ఫోనులో కాదు, వెళ్ళి చెప్పు. కౌలు రైతుకు పంట పోవడం అంటే ఏమిటో తెలుసు. పోయిన పంటకు మళ్ళీ విత్తనం వేయడమూ తెలుసు. ఒక కేక వేస్తాడేమో. ఆ కేక నీవు ఏడాదిగా ఒంటరిగా మోస్తున్నదానికంటె బరువు కాదు. ముందుగా అమ్మకు చెప్పి, ఆమెను ప్రక్కన కూర్చోబెట్టుకుని చెప్పినా సరే. ఈ పత్రిక ఎలాగూ ఆమె చేతికి వస్తుంది. ఈ పుట మడిచి ఆమె చేతిలో పెట్టి, "ఇది వ్రాసింది నేనే" అంటే, మాట మొదలుపెట్టే కష్టం తప్పుతుంది.

తల్లిగారు వచ్చే సెలవులకు పిల్ల ఇంటికి వచ్చాక ఎలా ఉన్నదో మళ్ళీ వ్రాయాలి. నాయనా, నీవు మాత్రం సెలవులదాకా ఆగవద్దు. డాక్టరును చూసిన రోజున ఒక కార్డు వెయ్యి.